బాలానగర్ అన్నకి, మటన్ షాపు భాయ్‌కి, అమ్మ కుక్కర్‌కి

మా ఫైనలియర్ ప్రాజెక్టు వైవా నిన్న గట్టెక్కింది. ఉత్త థాంక్స్ అని ఒక ముక్క పెట్టి ఊరుకుంటే మనసొప్పలేదు, అందుకే ఇది.

మెదడు ఆపరేషన్‌కి ముందు పుర్రె ఎముకకి చిన్న గుర్తులు బిగిస్తారు. వాటిని చర్మం కోయకుండా పైనుంచే అల్ట్రాసౌండ్‌తో పట్టుకోవడం మా పని. స్కాన్‌లో చూసిన గడ్డ, టేబుల్ మీదున్న తలలో ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగట్టాలంటే కనీసం మూడు గుర్తులు కావాలి, అవి ఒకే గీత మీద ఉండకూడదు. చర్మానికి అంటించిన స్టిక్కర్లు చర్మంతో పాటే జరుగుతాయి, ఎముకలో బిగించినవి జరగవు. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్ళు 1990లలోనే ఇలా చేశారు.

మాకు అసలు చిక్కు మిషన్ దగ్గర. పుట్టబోయే బిడ్డ ఆడో మగో ముందే చెప్పకుండా ఆపే పీసీపీఎన్‌డీటీ చట్టం వల్ల స్కానింగ్ మిషన్ని రిజిస్టరైన చోటు దాటించి కాలేజీకి తెచ్చుకోవడం కుదరదు. ఆ చట్టం ఎందుకొచ్చిందో తెలుసు కాబట్టి తిట్టుకోలేదు. అప్పుడు దొరికారు బాలానగర్‌లో వెల్డింగులు చెక్ చేసే అన్న. అతుకులో పగులు వెతికే ఆయన మిషన్ కూడా అల్ట్రాసౌండే. బొమ్మ రాదు, తెర మీద గీత, దాని మీద శబ్దం తగిలి తిరిగొచ్చిన చోటల్లా లేచే ముళ్ళు (పీకులు), అంతే. మాకు కావలసిందీ అదే! రెండు వారాలు వాడుకోమని ఇచ్చేశారు.

ముందు మాంసం బదులు అమ్మ కుక్కర్లో చైనా గ్రాస్ కాచి, గడ్డకట్టేటప్పుడు 20 మిల్లీమీటర్ల లోతున గుర్తుగా ప్లాస్టిక్ బిళ్ళ పెట్టాం. మిషన్ 80 దగ్గర్లో చూపించింది. రెండు రోజులు బుర్రలు బద్దలుకొట్టుకున్నాం. అన్న వచ్చి ఒక్క చూపు చూసి, "తమ్మీ, ఇది ఇంకా స్టీల్ మీదనే ఉంది" అన్నారు. స్టీల్లో శబ్దం సెకనుకు 5920 మీటర్లు పోతుంది, మెత్తటి కణజాలంలో 1540. మిషన్ లోతు లెక్కగట్టేది ఆ వేగంతోనే. ఆ అంకె మార్చడం మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత మేక తలకాయ, చర్మం కింద ఎముకకి బిళ్ళ బిగించి. కాల్చనిది కావాలంటే భాయ్ "కాల్చకుండా ఎట్ల తింటరు?" అని నవ్వాడు, సంగతి విన్నాక డబ్బులు తీసుకోలేదు. చర్మం పలుచన, ప్రోబ్‌కి (మిషన్‌లో పైన ఆనించే ముక్కకి) ఆనుకుని ఉన్నది ఆ మిషన్‌కి కనపడదు. దాన్ని డెడ్ జోన్ అంటారట. గ్లవ్‌లో నీళ్ళు నింపి మధ్యలో పెట్టమన్నదీ అన్నే. పెట్టగానే బిళ్ళ పైముఖానికొకటి, అడుగుకొకటి, రెండు పీకులు పక్కపక్కనే లేచాయి. ఉత్త ఎముక మీద ఒక్కటే. లేబొరేటరీలో ఈలలు వేశాం, గైడ్ మేడమ్ వినీ విననట్టు ఊరుకున్నారు. వారికీ థాంక్స్.

అమ్మా, కొత్త గ్యాస్కెట్ తెస్తా.

అన్నా, మిషన్ మీ షెడ్డులో ఇచ్చేశాను. వెలాసిటీ మళ్ళీ 5920కి మార్చే పెట్టాను, అయినా ఒకసారి చూసుకోండి.