బండి ఇచ్చారు సరే, నిలబెట్టుకునే జాగా ఎవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ జిల్లా పేజీలో ‘వితంతువులకు చేయూత’ అని పెద్ద ఫొటో వేశారు. అప్పుడే రాయాల్సింది, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను. పోయిన శుక్రవారం సాయంత్రం మా సందు మొగదల జరిగింది చూశాక పెన్ను పట్టక తప్పలేదు.

ముందు ఫొటో సంగతి. కుర్చీల్లో తొమ్మిది మంది పెద్దలు, తొమ్మిది మందికీ పేర్లు, హోదాలు. ఒకాయన పదవి పోయి ఆరేళ్లయినా ‘మాజీ’ అని వేసి మరీ గౌరవించారు. వెనక కుట్టు మిషన్లు, తోపుడు బండ్ల పక్కన నిలబడ్డ ఆడవాళ్లు మాత్రం ఉత్త ‘లబ్ధిదారులు’. ఖర్చు పెట్టింది మా ఊరి చర్చి వాళ్ల సేవా సంస్థ. వార్త చదివితే బండ్లన్నీ ఆ తొమ్మిది మంది ఇళ్లలోంచి తెచ్చి ఇచ్చినట్టుంది. ఒకప్పుడు మీ విలేకరి సైకిలేసుకుని వాడవాడా తిరిగేవాడు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ప్రెస్‌నోట్ చుక్క మారకుండా అచ్చవుతోంది.

నేను క్రైస్తవుణ్ని కాను. కొమురవెల్లి మల్లన్నకు పట్నాలు వేయించే ఇంట్లో పుట్టాను. ఇదెందుకు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ వార్త వచ్చిన పూటే మా కాలనీ గ్రూపులో ‘బండి ఇచ్చి మతం మారుస్తున్నారు’ అని ఒకాయన మొదలుపెట్టాడు. మా సందులో బజ్జీలమ్మే ఆమెకు వాళ్లు బండి ఇచ్చి మూడేళ్లయింది. ఇప్పటికీ ఏటా మా వాకిట్లోనే బతుకమ్మ పేరుస్తుంది. అంత బాధ ఉన్నాయన, ఆమె భర్త పోయినప్పుడు బియ్యం సంచైనా దించిపోలేదే!

ఆమెను నాకు బండి రాకముందే తెలుసు. నేను తపాలా శాఖలో చేసి రిటైరయ్యాను. ఆసరా పింఛన్లు మా కౌంటర్లోనే ఇచ్చేవాళ్లం. బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద బొటనవేలు పెడితే పడదు, చూపుడువేలూ పడదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టేది. వెనక లైన్లో గొణుగుడు మొదలైతే తలొంచుకుని పోయి చివర నిలబడేది. ఆ పింఛను 2014లో వెయ్యి రూపాయలు, 2019లో 2,016 అయింది. 2023 ఎన్నికల్లో నాలుగు వేలన్నారు, ఆ ముచ్చట ఇప్పుడెత్తను. రెండు వేలతో ఇద్దరు పిల్లల్ని ఎట్లా సాకాలో లెక్కగట్టిన అధికారి ఒక్కడు కనిపిస్తే దండం పెడతాను.

సంస్థ వాళ్లు బండి ఊరికే ఇవ్వలేదు, నాకు నచ్చింది అదే. బండి, స్టవ్వు, కడాయి అన్నీ కలిపి ఎంతయిందో రాసి, వడ్డీ లేకుండా నెలకు అయిదు వందలు కట్టమన్నారు. పిల్లవాడి లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో శనగపిండి, నూనె, మిర్చి ఖర్చు రోజూ రాయించారు. నెల తప్పకుండా కట్టేసింది. ఆ డబ్బు ఇంకో ఆమె గిర్నీకి పోయింది. తొమ్మిది వేలు చేతిలో పెట్టి రోజుకు వంద చొప్పున వంద రోజులు పిండుకునే గిరిగిరి వాళ్లున్న ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్లకు ఈ జిల్లాలో ఇళ్లు ఎట్లా అల్లాడాయో, ఆర్డినెన్స్ ఎందుకు తేవాల్సి వచ్చిందో మీ పాత పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది. సంస్థకూ ఒక మాట: కుట్టు మిషన్ల పిచ్చి కాస్త తగ్గించుకోవాలి. ఒక్క వాడలో ఏడు మిషన్లిస్తే ఎవరి జాకెట్లు ఎవరు కుడతారు? మూడింటి మీద అప్పుడే దుప్పటి కప్పారు.

ఇక శుక్రవారం. ఎవరో పెద్దాయన ఆ దారిన వస్తున్నారట. నాలుగున్నరకు మున్సిపల్ ట్రాక్టర్ దిగింది. అప్పుడే ఆమె మిర్చికి గాట్లు పెట్టి వాము, చింతపండు కూరుతోంది. కలిపిన పిండి బేసిన్ రోడ్డు మీద బోర్లా పడింది. నూనె మోరీలో కుమ్మరించారు. ఇంకా స్టవ్ వెలిగించలేదు కాబట్టి ఎవరికీ ఒళ్లు కాలలేదు. పొద్దున తైబజారు కింద ఇరవై రూపాయలు తీసుకుని ఇచ్చిన రసీదు కొంగుముడిలోంచి తీసి చూపిస్తే, ‘అది వేరే సెక్షన్’ అన్నాడు వచ్చినాయన.

వీధి వ్యాపారుల చట్టం వచ్చింది 2014లో. ఖాళీ చేయించాలంటే ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి. సామాను పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. అడిగితే చెడిపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. నోటీసూ లేదు, జాబితా లేదు. సోమవారం ఆమెతో నేనూ ఆఫీసుకు పోయాను. వెండింగ్ కార్డుందా అన్నారు. కార్డుకు వీధి వ్యాపారుల సర్వేలో పేరుండాలి. సర్వే అయిన రోజుల్లో ఈమె ఇంకా బీడీలు చుడుతోంది. ఆ కాగితం లేకపోతే వీధి వ్యాపారులకు కేంద్రం ఇప్పించే పీఎం స్వనిధి అప్పు దొరకడమూ కష్టమే. టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలని అదే చట్టం చెబుతోంది. మన కమిటీలో ఎవరెవరున్నారని అడిగితే గుమాస్తా నన్ను కిందికీ మీదికీ చూసి, ‘మీరు ఆమెకు ఏమవుతారు?’ అన్నాడు. ముప్పై నాలుగేళ్లు కౌంటర్ వెనక కూర్చున్నాను. ఆ ప్రశ్న ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

మీ ఫొటో తీసిన సభలో పాస్టరుగారు బైబిల్లోని ఎలీషా ప్రవక్త కథ చెప్పారు, నేనూ వెనక బెంచీలో ఉన్నాను. భర్త పోయినామె కొడుకుల్ని అప్పులవాడు పట్టుకుపోతానంటే, ఇంట్లో ఉన్న కొంచెం నూనె పాత్రలన్నిటి నిండా వచ్చిందట. అది అమ్మి అప్పు తీర్చుకో, మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడట ప్రవక్త. మా ఊళ్లో అయితే ఆ పాత్రలు ట్రాక్టరెక్కేవి. మెదక్ చర్చి 1914 నుంచి 1924 దాకా కట్టారు. కరువులో ఉన్నవాళ్లకు పని చెప్పి అన్నం పెట్టారని మా నాయన చెప్పేవాడు. రాళ్లు మోయడానికి కార్డుందా అని అప్పుడెవరైనా అడిగి ఉంటే ఆ గోపురం లేచేదేనా?

ఆఫీసు మెట్లు దిగుతూ ఆమె అన్నది ఒక్కటే మాట. “సారూ, బండి ఇచ్చిన్రు గని, నిలవెట్టుకోను జాగ ఎవలిస్తరు?”

ఆ తొమ్మిది మందిలో ఎవరైనా ఇది చదివితే, బండి మున్సిపల్ ఆఫీసు వెనక చెత్త రిక్షాల పక్కన ఉంది. పచ్చరంగు, ఎడమ చక్రం వంగిపోయింది. మూడేళ్ల కింద అతిథులుగా వచ్చినవాళ్ల పేర్లు ముందు రేకు మీద రాసి ఉన్నాయి. అందులో మూడు మొన్నటి ఫొటోలో ఉన్నవాళ్లవే.

ఓ రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్,
ఉమ్మడి వరంగల్ జిల్లా