చిరిగిన నెట్టుకు పద్దు లేదట: నగర కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారం. హైదరాబాద్ సర్కారు బడుల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మా బస్తీ గ్రౌండులో సాయంత్రాలు పిల్లలకు వాలీబాల్ నేర్పుతున్నాను. దానికి జీతం లేదు, నేను అడగనూ లేదు.

రెండు నెలల కిందట మా నెట్టు చిరిగింది. మధ్యలో జానెడు చిరుగు. మునుపైతే కాగితం రాసిస్తే, ఆలస్యంగానైనా కొత్తది వచ్చేది. ఈసారి ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఎంతో మర్యాదగా, "ఆ పద్దు తీసేశారు మాస్టారూ" అన్నాడు. మర్నాడు ఏడో తరగతి పిల్ల ఒకతె వాళ్లమ్మ పాత చీర అంచు తెచ్చి దాన్ని కుట్టింది. బంతి ఆ ముక్కకు తగిలితే ఎటు పోతుందో తెలియదు. చీరకు తగిలితే పాయింటు మళ్లీ ఆడాలని పిల్లలే నియమం పెట్టుకున్నారు. అంతటితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాను.

తరువాత కాపలాదారు పోయాడు. పొరుగు సేవల మనిషి, కాంట్రాక్టు పొడిగించలేదు. లెక్కల్లో ఒక జీతం మిగిలింది. అతను చేసేది కాపలా ఒక్కటే అనుకున్నారేమో! తెల్లవారుజామున పైపు పట్టుకుని నేలంతా తడిపేవాడు. మా ఎర్రమట్టి ఎండాకాలంలో నీళ్లు తాగకపోతే పెంకులా గట్టిపడి, కింద పడ్డవాడి మోకాలు చెక్కేస్తుంది. శనివారం సున్నం కలిపి గీతలు గీసేవాడు. రాత్రి సీసాలతో వచ్చేవాళ్లను గేటు దగ్గరే నిలేసేవాడు. ఇప్పుడు మా పిల్లల మొదటి వ్యాయామం గాజు ముక్కలు ఏరడం. ఒక మూల కార్లు నిలుపుతున్నారు. మొన్న ఎవరింట్లోనో పెళ్లికి షామియానా గుంజలు కోర్టు నడుమనే పాతారు. గుంజలు పీకారు, గుంతలు మిగిలాయి. హైదరాబాద్‌లో అడిగేవాడు లేని ఖాళీ స్థలం చివరికి ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

అన్నిటికన్నా నన్ను బాధించింది లైట్లు. కరెంటు ఖర్చు తగ్గించాలని ఆరున్నరకే ఆర్పేస్తున్నారు. మగపిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. వీధి దీపం కిందైనా, ఫ్లైఓవర్ నీడనైనా బంతి ఆడుకుంటారు. ఆడపిల్లలకు బడి, ట్యూషన్ అయ్యేసరికే ఆరవుతుంది. చీకట్లో గ్రౌండుకు పంపమని ఏ తల్లిని అడగను? నా దగ్గరికి పదకొండు మంది అమ్మాయిలు వచ్చేవారు. ఇప్పుడు ముగ్గురు. ముగ్గురితో వాలీబాల్ ఆడలేం, తొక్కుడుబిళ్ల ఆడుకోవాలి. చీర అంచు కుట్టిన పిల్ల కూడా రావడం లేదు.

డబ్బున్నవాళ్లకు లోటు లేదు. మా వీధి చివర అద్దెకిచ్చే టర్ఫ్ గ్రౌండు ఉంది, సాయంత్రం పూట గంటకు వెయ్యి రూపాయల పైమాటే. మా పిల్లల ఇళ్లలో అది ఒక మనిషి రోజు కూలికి మించిన సొమ్ము.

ఖజానాలో డబ్బు లేదంటే నమ్ముతాను. మురుగు నాలా పొంగితే ముందు దాని సంగతే చూడాలి, నా నెట్టు సంగతి కాదు. కానీ నిరుడు మా గ్రౌండు పక్కనే ఓపెన్ జిమ్ పెట్టారు. శిలాఫలకం మీద రెండు వరుసల పేర్లు. అప్పుడే ఒక పరికరానికి పెడల్ ఊడింది. బిగించడానికి బోల్టు లేదు, ఎందుకంటే బోల్టు నిర్వహణ పద్దులోది, శిలాఫలకం కొత్త పనుల పద్దులోది. కోత పడితే ముందు నిర్వహణ మీదే పడుతుంది. నీళ్లు కొట్టే మనిషిని తీసేస్తే ఏ కాంట్రాక్టరూ కోర్టుకు వెళ్లడు కదా.

ఆటస్థలం మీ దయాదాక్షిణ్యం కూడా కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనులు 18 రాశారు. వాటిలో పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఉన్నాయి. అదే జాబితాలో రోడ్లు, తాగునీరు, పారిశుధ్యం కూడా ఉన్నాయి.

పాత సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మా వృత్తివాడే, బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పిల్లవాడు. నా దగ్గర అలాంటివారు తయారవుతున్నారని గొప్పలు చెప్పను. మా వాళ్లలో సగం మందికి సర్వీసే నెట్టు దాటదు. వాళ్లకు సాయంత్రం గంటసేపు ఆడుకోవడానికి చోటు కావాలి, అంతే.

నేను అడిగేవి పెద్దవి కావు. ఆ కాపలాదారును వెనక్కి పిలవండి. ఎనిమిది దాకా లైట్లు ఉంచండి. నెట్టు సంగతి కావాలంటే మేమే చందాలు వేసుకుంటాం. వేసవి శిక్షణ శిబిరం ఈసారి మా గ్రౌండులో ఉందో లేదో కూడా త్వరగా తేల్చండి. పేర్లు రాసుకునే పుస్తకం నా సంచిలోనే ఉంది. పిల్లలు రోజూ అడుగుతున్నారు, రోజూ "రేపు" అంటున్నాను.

మీరు ఒకసారి వచ్చి చూస్తే సంతోషం. ముందుగా కబురు పెట్టకండి, పెడితే ఆ ఒక్కరోజుకు గీతలు గీసి, నీళ్లు కొట్టిస్తారు. గేటు తాళం చెవి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకు రండి. గట్టి బూట్లు వేసుకుని రండి, గాజు ముక్కలు ఇంకా పూర్తిగా ఏరలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు