వార్షిక నివేదిక 2024–25: క్లబ్‌హౌస్, ఇతర పనులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంప్ కడిగించాం, లిఫ్టుల మెయింటెనెన్స్ కాంట్రాక్టు రెన్యువల్ చేశాం, సెల్లార్‌లో కెమెరాలు మార్పించాం. లెక్కలన్నీ ఆడిట్ పట్టికలో ఉన్నాయి. ఎక్కువమంది అడుగుతున్నది క్లబ్‌హౌస్‌లోని పూల్ టేబుల్ (క్యూ కర్రతో బంతుల్ని పాకెట్లలోకి కొట్టే ఆట బల్ల) గురించి కాబట్టి ఆ సంగతి వివరంగా రాస్తున్నాం.

కొత్తది కొనేంత ఫండ్ లేదు. సెకండ్ హ్యాండ్‌దే తీసుకుందామని కమిటీ తీర్మానించింది. కొందరు స్నూకర్ టేబుల్ అడిగారు. 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మధ్య పుట్టిన ఆట అది, ముచ్చటపడటంలో తప్పులేదు. కానీ దాని టేబుల్ 12 అడుగులు. మన హాలు పొడవు 17 అడుగులకు కాస్త పైన. చుట్టూ 58 అంగుళాల క్యూ స్టిక్ ఆడించే చోటు వదలాలి. ఆ లెక్కన 9 అడుగుల పూల్ టేబుల్‌కే 18 అడుగులు కావాలి. అందుకని 8 అడుగులది ఖాయం చేశాం.

చూసినవాటిలో అందమైనదాన్నే వద్దనుకున్నాం. పాలిష్ తళతళలాడుతోంది, ధరా తక్కువే. కిందికి దూరి టార్చ్ వేస్తే, క్లాత్ కింద ఉండాల్సిన స్లేట్ రాయి లేదు, ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన) చెక్క. వానాకాలం తేమకి అది ఒకసారి వంగిందంటే మళ్లీ చదును కాదు. చివరికి కొన్నది మూతపడిన ఒక పార్లర్‌లోది. కాళ్లనిండా గీతలు, క్లాత్ మీద సిగరెట్ మచ్చలు. లోపల మాత్రం అంగుళం మందం స్లేట్, మూడు పలకలు, ఎక్కడా బీట లేదు. క్లాత్, రబ్బరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. స్లేట్ పగిలితే టేబుల్ పోయినట్టే. కుషన్లలో (బంతి తగిలి వెనక్కి వచ్చే లోపలి అంచుల్లో) రబ్బరు గట్టిపడి, బంతి తగిలితే టక్కుమని అక్కడే చచ్చుబడేది. క్లాత్‌తో పాటు దాన్నీ మార్పించాం.

"పదిమందిమి పట్టి ఎత్తేద్దాం" అన్న ఉత్సాహవంతులకు ధన్యవాదాలు, కానీ ఫిట్టర్ ఒప్పుకోలేదు. పలకలకు సుద్దతో నంబర్లు వేసి, విడివిడిగా దింపి తెచ్చారు. ఒక్కో పలక 70 కిలోల పైమాటే. బిగించే రోజు ఎక్కువ సమయం తిన్నది రసమట్టమే (స్పిరిట్ లెవెల్). పొడవుకి ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఐమూలగా ఒకసారి పెట్టి చూస్తూ, పలకల కింద సన్నటి చెక్క చీలికలు దూర్చారు. అతుకుల్లో కరిగించిన తేనెమైనం పోసి, చల్లారాక గీకి నున్న చేశారు. ఆ తర్వాత ఒక బంతిని మెల్లగా దొర్లిస్తే సగం దూరం తిన్నగా వెళ్లి, ఎడమ మూల పాకెట్ వైపు తిరిగింది. మళ్లీ చీలికలు సర్ది, అది తిన్నగా పోయాకే క్లాత్ పరిచారు.

సభ్యులకు ఒక మనవి: అంచుల మీద కూర్చోవద్దు, టీ కప్పులు పెట్టొద్దు. ఆట అయ్యాక క్లాత్‌ని ఒకే దిశలో బ్రష్ చేసి కవర్ కప్పండి. క్యారమ్ బోర్డు పౌడర్ దీనిమీద చల్లొద్దు. చల్లినవారెవరో కమిటీకి తెలుసు.

కొత్త చోట బరువుకి టేబుల్ కొంత సర్దుకుంటుంది కాబట్టి మట్టం మరోసారి చూడటానికి వచ్చే నెల ఫిట్టర్ వస్తారు. ఆ రోజు హాలు మూసి ఉంటుంది.

— కార్యదర్శి, కమిటీ తరఫున