మార్పిడికి ముందు వారాల్లో వ్యాయామాన్నీ చికిత్సగా చూడాలి

సంపాదకులకు నమస్కారం.

రక్త క్యాన్సర్ రోగికి స్టెమ్ సెల్ (మూలకణాల) మార్పిడి చేయాలని తేల్చాక, ఆస్పత్రిలో చేరేదాకా కొన్ని వారాలైనా గడుస్తాయి. దాత పరీక్షలు, గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు, బీమా కాగితాలు, డబ్బు సర్దుబాటు... ఈ హడావుడిలో రోగి ఒంట్లో సత్తువ ఎంతుందో పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇంట్లోవాళ్లేమో కాలు కింద పెట్టనివ్వరు.

ఆ తర్వాత జరిగేది చిన్న విషయం కాదు. ముందు గట్టి మోతాదులో కీమో ఇస్తారు. మూలకణాలు ఎక్కించాక తెల్ల రక్తకణాలు పుంజుకోవడానికి సుమారు రెండు మూడు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఇన్ఫెక్షన్ భయమే. నోటిపూత, వాంతులతో తిండి సహించదు, కండ కరిగిపోతుంది. దాత కణాలు రోగి శరీరం మీదే తిరగబడితే స్టెరాయిడ్లు వాడాలి. అవి తొడ కండరాలను దెబ్బతీస్తే కుర్చీలోంచి లేవడమే గగనమవుతుంది. మార్పిడికి ముందు దమ్ము బాగా ఉన్నవాళ్లు తర్వాత మెరుగ్గా నెట్టుకొస్తున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. వ్యాయామంతోనే ఆయుష్షు పెరుగుతుందని నేను అనను. చేరేనాటికి కాళ్లలో బలం ఉండటం మాత్రం తేలిగ్గా తీసేసే విషయం కాదు.

మార్పిడికి సిద్ధమవుతున్న మా తమ్ముడికి మొదట చేతిలో పెట్టింది వ్యాయామాల బొమ్మలున్న ఒక కాగితం. అది ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. తర్వాత వేరేచోట ఒక ఫిజియోథెరపిస్ట్ దొరికారు. వీడియో కాల్‌లో ఎదురుగా ఉండి చేయించేవారు. కుర్చీలోంచి లేచేటప్పుడు వాడు మోకాలి మీద చెయ్యి ఊనుతున్నాడని, ఊపిరి బిగపడుతున్నాడని మొదటి రోజే పట్టేశారు. ఫోన్‌ను పక్కకి జరిపించి, కుర్చీలో దిండు వేయించి మళ్లీ లేవమన్నారు. చేస్తున్నంతసేపూ మాట్లాడించేవారు. మాట తెగిపోతుంటే ఆపేయాల్సిందే. కష్టం ఎంతుందో 6 (అసలు కష్టం లేదు) నుంచి 20 (ఇక చేతకాదు) లోపు ఒక అంకె చెప్పమనేవారు. కాగితం ఈ పనులేవీ చేయదు. చేతికి పెట్టుకునే వాచీ కూడా అంతే, అడుగులు లెక్కపెట్టి ఊరుకుంటుంది.

ఇన్ఫెక్షన్ భయంతో జిమ్‌కి వెళ్లలేని, రోజూ ఆస్పత్రికి తిరగలేని మనిషికి ఇంతకన్నా మంచి దారి ఏముంది? అలాగని ఎవరికి వారు యూట్యూబ్ చూసి మొదలుపెట్టేది కాదిది. ప్లేట్‌లెట్లు 20,000 కంటే తగ్గితే బరువులు, రబ్బరు పట్టీల వ్యాయామాలు సాధారణంగా మానిపిస్తారు. జ్వరముంటే అసలు వద్దు. మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక రక్త క్యాన్సర్) రోగుల ఎముకలు పెళుసుబారి ఉండొచ్చు, నడుము మెలితిప్పే కసరత్తు ప్రమాదం. అందుకే తాజా రక్తపరీక్ష ఫలితం ఫిజియోథెరపిస్ట్‌కి కూడా చేరాలి.

ఆస్పత్రులను కోరేదొక్కటే. మార్పిడి నిర్ణయం జరిగిన రోజే రోగిని ఆరు నిమిషాలు నడిపించి చూడండి, ఎంత దూరం నడిచాడో ఫైల్లో రాయండి, ఆ వారంలోనే వీడియో శిక్షణ మొదలుపెట్టండి. మార్పిడి ఖర్చును భరించే బీమా సంస్థలు దీన్నీ అందులో కలపాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు మొదటి పాఠం ఆస్పత్రిలోనే నేర్పి, తర్వాత మామూలు ఫోన్‌లోనైనా వాకబు చేసే ఏర్పాటు ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు