ప్లగ్ గ్యాప్ గురించి మేము చెప్పిన మాట తప్పు

పాతకాలపు ఫోర్డ్ మోడల్ టీ కార్లను మా షెడ్డుకు తెచ్చే యజమానులందరికీ నమస్కారం. స్పార్క్ ప్లగ్ గ్యాప్‌ను, అంటే నిప్పురవ్వ దూకే రెండు కొనల మధ్య ఖాళీని, 1 మిల్లీమీటరుకు పెంచితే పెట్రోలు ఆదా అవుతుందని నిరుడు మీలో కొందరికి చెప్పి, ఆ పనికి డబ్బు కూడా తీసుకున్నాము. ఆ మాట నిలబడదని ఇప్పుడు మా పరీక్షలోనే తేలింది.

అప్పట్లో గ్యాప్ మార్చిన రోజే ప్లగ్గుల మసి తీశాము, ఏ సిలిండర్‌లో ఎప్పుడు నిప్పురవ్వ పడాలో నిర్ణయించే టైమర్‌లో అరిగిన రోలర్ మార్చాము, గాలితో కలిసే పెట్రోలును తగ్గించి పెంచే కార్బ్యురేటర్ సూదినీ సవరించాము. ఆ తర్వాత పెరిగిన మైలేజీనంతా గ్యాప్ చలవే అనుకున్నాము.

ఈసారి గ్యాప్ తప్ప మరేదీ ముట్టుకోలేదు. ఈ కారుకు పెట్రోలు పంపు లేదు. ముందు సీటు కింది ట్యాంకు నుంచి పెట్రోలు తనంతట తానే కార్బ్యురేటర్‌కు దిగుతుంది. అందువల్ల ట్యాంకు గొట్టం మూసి, ఒక లీటరు పట్టే డబ్బాను దానికి బదులుగా బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక, ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో రానూ పోనూ నడిపి దూరం రాసుకున్నాము. ఫోర్డ్ సూచించిన గ్యాప్ అంగుళంలో 32వ వంతు, అంటే సుమారు 0.8 మి.మీ. దానికీ 1 మి.మీ.కీ మధ్య కనిపించిన తేడా, ఒకే గ్యాప్‌తో రెండుసార్లు నడిపితే వచ్చే తేడాను మించలేదు.

పైగా ఎత్తు ఎక్కేటప్పుడు 1 మి.మీ. గ్యాప్‌తో ఇంజన్ మిస్సింగ్ ఇచ్చింది. థ్రాటిల్ తెరిచేకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ వోల్టేజీని ఇచ్చే, చెక్కపెట్టెలోని నాలుగు కాయిళ్ళలో ఏది బలహీనపడినా ఆ సిలిండర్‌లో పెట్రోలు కాలకుండానే సైలెన్సర్‌లోకి పోతుంది. పలుచని (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ ఉన్న) మిశ్రమాన్ని అంటించడానికి పెద్ద గ్యాప్ కొంత సాయపడే మాట నిజమే కానీ, అందుకు కాయిళ్ళు గట్టిగా ఉండాలి, మిశ్రమమూ పలుచగా ఉండాలి.

మైలేజీని నిజంగా మార్చేవి మీ చేతిలోనే ఉన్నాయి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేయడానికి తెరిచిన కార్బ్యురేటర్ సూదిని, ఇంజన్ వేడెక్కాక డ్యాష్ దగ్గరి కడ్డీతో తిరిగి బిగించడం చాలామంది మరచిపోతున్నారు. స్టీరింగ్ కింద ఎడమవైపు ఉన్న స్పార్క్ లివర్ సంగతీ అంతే: ఈ కారులో అడ్వాన్స్, అంటే నిప్పురవ్వ ముందుగా పడేలా చేయడం, దానంతట అది జరగదు, వేగం పెరిగేకొద్దీ మీరే కిందికి దించాలి. పైనే వదిలేస్తే మంట ఆలస్యమై, పెట్రోలు వృథా కావడమే కాక రేడియేటర్ కూడా మరుగుతుంది. అయితే ఇంజన్ స్టార్ట్ చేయడానికి ముందువైపు హ్యాండిల్ తిప్పే ముందు ఆ లివర్‌ను తప్పక పూర్తిగా పైకి నెట్టండి. లేకపోతే హ్యాండిల్ ఎదురుతన్ని మణికట్టు విరిగే ప్రమాదం ఉంది.

గ్యాప్ పెంచడానికి తీసుకున్న డబ్బును పూర్తిగా తిరిగి ఇస్తాము, పాత గ్యాప్‌ను ఉచితంగా పెడతాము. ఇంట్లోనే సరిచేసుకునేవారు పక్క కొనను మాత్రమే వంచండి; మధ్య కొనను కదిపితే పింగాణీ చిట్లుతుంది. మా దగ్గరికి వచ్చేవారు కాయిల్ పెట్టెను కారులోనే ఉంచి తెస్తే, నాలుగింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించి మీ కళ్ళముందే చూపిస్తాము.