మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2025–26: సంతకం పెట్టి నిలబడ్డవాళ్ల సంవత్సరం

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో నివేదిక పెట్టడం కార్యదర్శి బాధ్యత. దానితో పాటు ఈసారి పని చేసినవాళ్లు ఎవరో అందరికీ తెలియాలన్న ఉద్దేశంతో కొంచెం వివరంగా రాశాను, ఓపిగ్గా చదవండి.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు వాగు పొంగి నీళ్లు మన వీధుల్లోకి వచ్చిన రోజును ఇక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. వాగు కట్టకు పడిన గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది, ఆ పని అయ్యేసరికి వారం పట్టింది, అప్పటిదాకా సింగ్‌నగర్ ఫ్లైఓవరే మనకు దిక్కు. ఆ వారంలో మనల్ని నీళ్ల తర్వాత అంతగా ఇబ్బంది పెట్టింది "నేను చూసుకుంటా" అన్న మాట. కమ్యూనిటీ హాలు తాళం ఎవరో చూసుకుంటారనుకున్నాం, ఆ మనిషి ఊళ్లో లేరు. మంచంలో ఉన్న పెద్దవాళ్ల లిస్టు ఎవరో రాస్తున్నారనుకున్నాం, ఎవరూ రాయలేదు. అందరిదీ మంచి మనసే, కానీ ఏ పని ఎవరిదో ఎవరికీ తెలియదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర పడవలు గుద్దుకుని గేట్లు ఎత్తడానికి, దించడానికి తోడ్పడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతింటే, గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారు పెద్ద వయసులో కూడా వచ్చి దగ్గరుండి కొత్తవి బిగించే పని చేయించారు. అంతకు ముందు నెలలోనే తుంగభద్ర డ్యాంలో కొట్టుకుపోయిన గేటు దగ్గరా ఆయనే నిలబడ్డారు. పని ఒప్పుకున్న మనిషి ఎలా ఉండాలో చూపించారు. మనకూ ఆ పద్ధతి ఎందుకు ఉండకూడదని కమిటీలో చర్చ వచ్చింది.

అలా మొదలైంది పని రిజిస్టర్. ఏ పని, ఎవరు, ఏ తేదీకి, పక్కన సంతకం. పని ఒప్పుకున్న మనిషికి కుదరకపోతే రెండు రోజుల ముందు చెప్పాలి, ఒక్క ఫోన్ చాలు, కారణం కూడా అక్కర్లేదు. మొదట్లో కొంతమందికి ఇది నచ్చలేదు, "మేమేమన్నా జీతగాళ్లమా సంతకాలు పెట్టడానికి" అన్నారు. నేను అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను. కుదరదని ముందే చెప్పినవాళ్ల మీద ఎవరికీ కోపం లేదు, ఆ పని ఇంకొకరికి అప్పజెప్పుకుంటాం. సరేనని చెప్పి ఆ రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేసుకుంటేనే బాధ, ఎందుకంటే ఆయన్ని నమ్ముకుని మిగతా నలుగురు ఎండలో నిలబడి ఉంటారు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మొంథా తుపాను రోజు. 2025 అక్టోబర్ 28 రాత్రి అది నరసాపురం సమీపంలో తీరం దాటింది. మన దగ్గర నీళ్లు ఇళ్లలోకి రాలేదు, దేవుడి దయ. కానీ వస్తే ఏం చేయాలో ఆ సాయంత్రానికే అంతా సిద్ధంగా ఉంది. కరెంటు పని చేసే తమ్ముడు ప్రతి వీధిలో కింది అంతస్తు మీటర్లు చూసి, ఏ ఇంట్లో మెయిన్ ఎక్కడుందో రాసిచ్చాడు. ఏఎన్ఎం అక్క ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల ఇళ్లకు తిరిగి బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా ఉన్నాయో లేదో చూసి, లేనివాళ్లకు తెప్పించింది. కిరాణా కొట్టు బాబాయి బియ్యం, పాలపొడి, కొవ్వొత్తులు మేడ మీదికి చేర్పించారు, తుపాను పేరు చెప్పి ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదు. హాలు తాళం రెండు ఇళ్లలో ఉంది, ఆ రెండిళ్లవాళ్లూ ఊరు దాటలేదు. ఆటో డ్రైవర్లు ముగ్గురు రాత్రంతా బండ్లు బయటికి తీసి పెట్టుకుని మేలుకున్నారు. ఎవరికీ గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు, టెన్షన్ లేకుండా కూర్చోగలిగాను. వాళ్లందరి పేర్లూ హాలు బయట బోర్డు మీద ఉన్నాయి, కనపడినప్పుడు పలకరించి రెండు మంచి మాటలు చెప్పండి.

కాలువ సంగతి. వానలకు ముందే సైడు కాలువల్లో పూడిక తీయాలని ఎండాకాలంలోనే అర్జీ ఇచ్చాం. ఒక అధికారి "వచ్చే వారం అయిపోతుంది" అన్నారు, ఆ వచ్చే వారం నెలలు గడిచినా రాలేదు. తేదీ మన రిజిస్టర్‌లో రాయమంటే నవ్వి వెళ్లిపోయారు. సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టాం, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి కాబట్టి జవాబైతే వచ్చింది. అందులో పని పూర్తయిందని ఉంది. కాలువలో చెత్త అలాగే ఉండగా ఆ కాగితం చదివితే నాకు నిజంగా కడుపు మండింది. తర్వాత పని చేయించిన సూపర్‌వైజర్ మాత్రం మన రిజిస్టర్‌లో సంతకం పెట్టి, చెప్పిన తేదీకే మనుషులతో వచ్చారు. తీసిన పూడిక గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ కాలువలోకి జారిపోతుంది కదా, అందుకని ట్రాక్టరు వచ్చి మొత్తం ఎత్తేదాకా ఆయన కదల్లేదు. పై కుర్చీలో ఉన్నవాళ్లకు లేని బాధ్యత ఆయనకు ఉంది. సంఘం తరఫున ఆయనకు శాలువా కప్పాలని ప్రతిపాదిస్తున్నాను.

మన సభ్యుల గురించి కూడా చెప్పాలి. శ్రమదానానికి రమ్మని ఫోన్ గ్రూపులో పెడితే "సరే" అన్నట్టు బొటనవేలు గుర్తులు వరసగా వస్తాయి, తెల్లారి చూస్తే గునపం పట్టుకున్నది ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే. మీరు ఆ గుర్తు పెట్టారంటే వస్తానని మాట ఇచ్చినట్టే అని నేను అనుకుంటున్నాను, మీరూ అలాగే అనుకోవాలి. ఆఫీసులో మేనేజరుకు, షాపులో కస్టమరుకు ఇచ్చిన టైం తప్పనివాళ్లే మనలో చాలామంది. పక్కింటివాళ్లకు ఇచ్చిన టైం దానికన్నా తక్కువది ఎందుకైంది?

ఉచిత కంటి పరీక్షల శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ, పదో తరగతి పిల్లలకు సాయంత్రం క్లాసులు ఎప్పటిలాగే జరిగాయి. క్లాసులు చెప్పిన ఇద్దరు రిటైర్డ్ మాస్టార్లకు, హాలు శుభ్రం చేసిన అమ్మకు, మైకు సెట్టు అద్దె లేకుండా ఇచ్చిన టెంటు హౌసువారికి, మంచినీళ్ల క్యాన్లు పంపిన ప్రతి ఇంటికీ కృతజ్ఞతలు.

జమా ఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంచారు, ఆడిట్ అయింది, బిల్లులు ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ రోజే కట్టేస్తే మంచిది. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్ ఆఫీసుకు పంపాలి, అందుకు ఎన్నికైనవాళ్లు ఆధార్ కాపీ తెచ్చుకోండి.

వచ్చే ఏడాది రిజిస్టర్ బల్ల మీద పెట్టాం. వాన నీళ్ల మోటారు చూసుకునే పని, పెద్దవాళ్ల లిస్టు ప్రతి మూడు నెలలకు సరిచేసే పని, కాలువ అర్జీ వెంట తిరిగే పని, ఈ మూడింటి పక్కన ఇంకా పేరు లేదు. భోజనాలకు లేచే ముందు చూడండి, చేయగలిగితేనే సంతకం పెట్టండి.

ఇట్లు,
కార్యదర్శి