గీతలు చెరిపేసిన తాళం

గుంటూరు
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీ కుక్కరు కూతో, మీ ఆవిడ పిలుపో అడ్డమొస్తుంది. అందుకే రాస్తున్నా. కాఫీ పెట్టుకుని కూర్చో, ఇది పొడుగు ఉత్తరం.

మా అన్నయ్య కూతురు చీరాల మగ్గాల మీద అరగంట డాక్యుమెంటరీ తీస్తోందని చెప్పాను కదా. మొన్నొచ్చి, "బాబాయ్, వెనకాల వేసుకోవడానికి మృదంగం ముక్కలు ఓ పది వాయించి పెట్టు" అంది. ముక్కలట! మిరపకాయ బజ్జీలు అడిగినట్టు. సరే, వాయించా. బొమ్మ కింద అతికించి చూపించింది. మగ్గందో దారి, నాదో దారి. పెళ్ళిపందిట్లో సన్నాయీ, బ్యాండుమేళమూ ఒకేసారి అందుకున్నట్టుంది. దానికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. మొహమాటానికి ఇద్దరం బాగుందనుకుని భోజనాలకి లేచాం.

ఆ రాత్రే అది ల్యాప్‌టాప్‌లో ఓ సినిమా పెట్టింది. పేరు 'కొయానిస్కాత్సి'. నవ్వకు. అమెరికాలో హోపీలనే ఆదివాసులున్నారు, వాళ్ళ మాట అది. తూకం తప్పిన బతుకు అని అర్థం. 1982లో గాడ్‌ఫ్రే రెజియో తీశాడు. దాదాపు గంటన్నర సేపు మాటల్లేవు, కథ లేదు. ఎడారి కొండలు, మబ్బులు, ఆ తర్వాత ఊళ్ళు, కార్లు, జనం. ఒకచోట యంత్రంలోంచి సాసేజులు బారులు తీరి వస్తుంటాయి, మరుక్షణం ఎస్కలేటరు మీంచి మనుషులు వస్తుంటారు. ఎవరూ ఏమీ అనరు. అనేదేదైనా ఉంటే అది సంగీతమే అనాలి. చేసింది ఫిలిప్ గ్లాస్.

నిజం చెప్పొద్దూ, మొదటి పావుగంట చిరాకేసింది. సరళీ వరసలు నేర్చుకునే పిల్లాడు పక్కింట్లో దిగినట్టు, అదే వరస, మళ్ళీ అదే వరస. లేచిపోదామనుకుంటూనే చూసుకుంటే నా వేళ్ళు తొడ మీద ఆడుతున్నాయి. రెండుల్లో నడుస్తున్నది తెలీకుండా మూడుల్లోకి జారుతోంది. తక తక అంటుంటే ఎక్కడో తకిట అయిపోతోంది. నీకు గుర్తుందా, మిశ్రం దగ్గర మాస్టారు నా వేళ్ళ మీద ఒక్కటిచ్చి, "తకిట తకధిమి, అంతేరా, మూడూ నాలుగూ కలిస్తే ఏడు, దానికింత ఏడుపెందుకు?" అనేవారు. ఆ ఏడుపు ఈ అమెరికావాడికెలా తెలిసిందా అనిపించింది. నిద్రపట్టక ఆయన గురించి దొరికిందల్లా చదివా.

గ్లాస్ 1937లో బాల్టిమోర్లో పుట్టాడు. 1960ల నడుమ పారిస్‌లో నాడియా బులాంజే అనే సంగీత గురువు దగ్గర చదువుకుంటున్నప్పుడు ఓ సినిమా పని దొరికింది. 'చపాకువా' అని, దానికి సంగీతం మన రవిశంకర్. ఈయన పనల్లా రవిశంకర్ పాడి వినిపించింది పాశ్చాత్య స్వరలిపిలో రాసి, అక్కడి ఫ్రెంచి వాద్యకారుల ముందు పెట్టడం. రాశాడు. వాళ్ళు వాయించారు. పక్కన తబలా ముందు కూర్చున్న అల్లా రఖా, అదే, జాకీర్ హుస్సేన్ గారి నాన్న, తల అడ్డంగా ఊపాడు. లేని చోట ఊనిక పడుతోంది, స్వరాలన్నీ సమానమేనయ్యా అంటాడు. ఈయన కొలత గీత, అదే, స్వరలిపిలో తాళాన్ని విడగొట్టే నిలువు గీత, ఇటు జరిపాడు, అటు జరిపాడు. ఎక్కడ పెట్టినా ఆ గీత పక్కనున్న స్వరం బరువెక్కిపోతోంది. చివరికి విసిగిపోయి గీతలన్నీ చెరిపేశాడట. చెరిపేస్తే కాగితం మీద మిగిలినవి రెండేసి, మూడేసి గుంపులు!

దీన్ని ఆయనే తన పుస్తకాల్లో రాసుకున్నాడు. అప్పుడు తాను అర్థం చేసుకున్నది పూర్తి నిజం కాదని తర్వాత తెలుసుకున్నాడు కూడా. మన ఆవర్తం (తాళం ఒక చుట్టు), ఎడుపు (పాట ఎత్తుకునే చోటు), తీర్మానం (ముగింపు జతి), ఇవన్నీ ఆ ఒక్క పూటలో ఎవరికి దొరుకుతాయి? సగమే పట్టుకున్నాడు. ఆ సగంతోనే తన ఇల్లు కట్టుకున్నాడు. నాకు నచ్చిందిదేరా. మనూళ్ళో ఫ్యూజన్ కచేరీలు చూస్తుంటాం కదా, వీణ పక్కన డ్రమ్స్ పెట్టి, చివర్లో అందరూ కలిసి గట్టిగా వాయించేస్తే చప్పట్లు. ఆవకాయ పక్కన కేకు పెట్టినట్టు. గ్లాస్ పాటలో సితారుండదు, తబలా ఉండదు. ఆర్గానూ, కొమ్ములూ, గొంతులే. మారింది లెక్క. హోపీ మాటనీ అంతే, అట్టడుగు స్థాయిలో ఒక మగగొంతు పలుకుతుంది, వాళ్ళ పాటని మాత్రం అనుకరించదు.

ఇంకో ముచ్చట. 1976లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో ఈయన ఒపెరా ఆడితే టిక్కెట్లన్నీ అయిపోయాయి. అప్పులు మాత్రం మిగిలాయి. మళ్ళీ టాక్సీ తోలుకోవడానికి పోయాడు. ప్లంబరు పని కూడా చేసేవాడు. ఓ ఇంట్లో అంట్లు కడిగే మిషను బిగిస్తుంటే ఆ ఇంటాయన, పేరున్న కళావిమర్శకుడు, గుర్తుపట్టి నోరెళ్ళబెట్టాడట. పన్నెండేళ్ళు మృదంగం నేర్చి బ్యాంకులో చలాన్లు రాసిన నాకు ఇది చదివి ఎంత ఊరటో!

రెజియో, గ్లాస్ కలిసి చేసిన తర్వాతి సినిమా 'పొవక్కాత్సి' మాత్రం నీతో కలిసి చూసి పోట్లాడాలి. 1988లోది. బ్రెజిల్‌లో సెర్రా పెలాడా బంగారు గనితో మొదలవుతుంది. ఒళ్ళంతా బురదతో, బస్తాలు మోస్తూ నిచ్చెనలెక్కే వేలమంది కూలీలు. కింద కొమ్ములు, డప్పులు, పిల్లల గొంతులు. గాంబియా నుంచొచ్చిన, కోరా అనే తంతి వాద్యం వాయించే ఫొడే మూసా సూసో కూడా ఈ సినిమాకి పనిచేశాడు. ఒళ్ళు గగుర్పొడిచింది, వెంటనే సిగ్గూ వేసింది. వాడి నడుం విరుగుతుంటే నాకు ఇంత అందంగా కనపడొచ్చా? స్లో మోషన్లో చెమట కూడా ముత్యాల్లా ఉంది. మా పిల్లతో వాదన పెట్టుకున్నా. అది గ్లాస్ పక్షం. "చెడ్డగా చూపిస్తే చూసేవాడివా బాబాయ్?" అంది. ఇంకా ఒప్పుకోలేదు నేను.

అసలు సంగతి ఆ గని దగ్గరే ఉంది. అక్కడ సంగీతం ముందు కట్టి రికార్డు చేశారు. కెమెరామన్ అది చెవిలో పెట్టుకుని వింటూ బొమ్మ తీశాడు. కూలీలు ఏంటది అనడిగితే వాళ్ళకీ వినిపించారట. బొమ్మంతా అయ్యాక కొలత ఇచ్చి, ఇక్కడ ఇరవై సెకన్లు ఏడుపు పాట, అక్కడ పది సెకన్లు హుషారు అనడం కాదన్నమాట.

అది చదివాక శుక్రవారం మేమిద్దరం చీరాల పోయాం. నేను మృదంగం సంచిలోంచి తియ్యలేదు. గుంట మగ్గం పక్కన చాప మీద కూర్చుని రెండు గంటలు విన్నా. కాలు తొక్కితే పడుగు, అంటే నిలువు దారాలు, విచ్చుకోవడం, అడ్డదారం మోసే నాడె ఇటు నుంచి అటు దూసుకుపోవడం, ఆ దారాన్ని బిగించే పన్నె ఒక్క దెబ్బ. మూడు చప్పుళ్ళు. సమంగా ఉంటాయనుకున్నా, ఉండవు. నాడె కుడి నుంచి పోయేటప్పుడు ఓ పిసరు ఆలస్యం. ఎందుకని అడిగితే ఆ పెద్దాయన, "భుజం నొప్పి బాబూ, నాలుగేళ్ళయింది" అన్నాడు. నేను ముక్కలుగా వాయించిన ఆది తాళంలో ఈ భుజానికి చోటేదీ?

ఇప్పుడు ఆ ఆలస్యాన్ని పట్టుకుని కూర్చున్నా. తకిట తక తకిట, మూడూ రెండూ మూడూ, దగ్గరకొస్తోంది గానీ నాడెలో దారపు కండె అయిపోయి మగ్గం ఆగినప్పుడల్లా ఏం చెయ్యాలో తేలట్లేదు. ఆగితే ఆగిపోనీ అంటుంది మా పిల్ల. నాకు చేతులూరుకోవు, నీకు తెలుసుగా.

నీ కంజీర, ఆ చిన్న డప్పు, ఇంకా ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా? ఉంటే వచ్చే శనివారం జన్మభూమికి ఎక్కు, స్టేషనుకొస్తా. చర్మం మీద నీళ్ళు మాత్రం ఇంటి దగ్గరే చల్లకు, ఇక్కడ ఉక్కగా ఉంది.

నీ
రాజా